యాత్ర బస్సుకి కబుర్లు

"మా అత్తగారు పెద్ద జాడీ ఎక్కడ దాచారో అడుగు మహతీ. ఇల్లంతా వెతికాను. కాయ కొట్టించేశాను, ముక్కలు వడిలిపోతున్నాయి," అంది ఆండాళమ్మ.

"కాశీలో గంగస్నానం చేసే మనిషికి జాడీ గోల ఏంటే?" అంది కమలాంబ.

"ఆవిడకి అక్కడ గంగ ఉంది పిన్నిగారూ, నాకిక్కడ మామిడికాయలున్నాయి."

వసారాలో కూర్చున్న ఆడవాళ్ళంతా నవ్వారు. మహతి తల దించుకుని 'పెద్ద జాడీ' అని రాసుకుంది. పదిమందిలో నవ్వాలన్నా ఆ పిల్లకి మొహమాటమే. చందర్లపాడు బడిలో చదువుకున్నన్నాళ్ళూ వెనక బెంచీలోనే కూర్చుంది. ఇంటర్ పరీక్షలు రాసి, ఈ వేసవికి జగ్గయ్యపేటలో అమ్మమ్మగారింటికి వచ్చి, నందిగామలో కంప్యూటర్ నేర్చుకుంటోంది. ఫీజు తాతయ్యే కట్టాడు.

ఆ తాతయ్య కుటుంబరావు గారే యాత్ర బస్సుకి పెద్ద. మిర్చి వ్యాపారం కొడుకులకి అప్పగించి, పేటలోని అయినవాళ్ళని నలభై మందిని కూడగట్టి, కాశీ, హరిద్వారం, బదరీ చూసి రావడానికి బయల్దేరాడు. మోకాళ్ళ నొప్పులతో అమ్మమ్మ కమలాంబ ఆగిపోయింది. బస్సు ఏ ఊళ్ళో ఏ సత్రం ముందు ఆగుతుందో ముందుగా ఎవరికీ తెలియదు. వాళ్ళు కావాలంటే ఇంటికి ఎస్టీడీ చేయొచ్చు, అదీ బిల్లు చూసుకుంటూ భయంభయంగా. ఇంటి నుంచి వాళ్ళకి ఫోన్ చేసే దారి మాత్రం లేదు. అందుకని బయల్దేరే ముందు బస్సు పేరు మీద ఒక మెయిల్ అడ్రసు తెరిపించారు. బస్సులో ఉన్న డిగ్రీ కుర్రాడు ఆత్రేయ పెద్ద ఊరు వచ్చినప్పుడల్లా నెట్ సెంటరుకి వెళ్ళి, వచ్చిన కబుర్లు కాగితం మీద ఎక్కించుకుని, బస్సు కదిలాక మైకులో చదివేవాడు.

ఇంటి వైపు పని మహతిది. నందిగామ ఇన్‌స్టిట్యూట్‌లో కంప్యూటర్లున్నాయి గాని నెట్ లేదు. ప్రాక్టీసు గంటలో అక్కడ కూర్చుని అందరి కబుర్లూ ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలుగా కొట్టి, ఫ్లాపీలోకి ఎక్కించుకునేది. పేట బస్టాండు పక్కన అనిల్‌కుమార్ నెట్ సెంటరులో ఆ ఫ్లాపీ పెట్టి, లైను కలిసిన కాసేపట్లోనే మెయిల్ పంపేసి లేచిపోయేది. కూర్చుని టైపు చేస్తే గంటకి గంట బిల్లు. ఇలా అయితే ఇంటికొక టీ ఖర్చు కూడా పడదు. ఈ ఉపాయం మహతిదే. ఆ సంగతి తాతయ్య బస్సులో అందరికీ చెప్పుకుని మురిసిపోయాడట.

ఒక్కటే షరతు పెట్టుకున్నారు. శుభవార్తలే పంపాలి. చావైనా పురుడైనా చెవిన పడితేనే మైల అంటుకుంటుందనీ, తెలియనంతకాలం దేవుడి ముందుకి వెళ్ళడానికి అడ్డు లేదనీ పెద్దవాళ్ళ లెక్క. యాత్రలో ఉన్నవాళ్ళకి అలాంటి వార్త చేరకూడదు. బయల్దేరేటప్పుడు అందరూ సరేనన్నారు.

ఆడవాళ్ళు లేవబోతుండగా కృష్ణయ్య వచ్చాడు. మెట్టు కిందే చెప్పులు వదిలి, స్తంభం పక్కన నిలబడ్డాడు. కృష్ణయ్య వాళ్ళూ వైశ్యులే, కాకపోతే కొట్టు లేని వైశ్యులు. ఆయన ఇంకొకరి కిరాణా కొట్లో తూకం వేస్తాడు. భార్య బసవమ్మ పెళ్ళిళ్ళకీ నోములకీ వంటకి వెళుతుంది. ఇప్పుడు యాత్ర బస్సులో వంట ఆవిడదే.

"ఏం కృష్ణయ్యా, నువ్వూ కబురు పంపాలా?"

"ఒక్క ముక్కండి పిన్నిగారూ." గొంతు సవరించుకున్నాడు. "మా అమ్మాయి కృష్ణప్రియకి నొప్పులు ముందే వచ్చేశాయండి. ఎనిమిదో నెలే ఇంకా. నందిగామ పెద్దాసుపత్రిలో చేర్పించా. బీపీ ఎక్కువుందంటున్నారు. అమ్మ కావాలని ఒకటే ఏడుపు. బసవమ్మని అక్కడే దిగిపోయి రైలెక్కి వచ్చెయ్యమని రాయించండి." మహతి వైపు తిరిగాడు. "బస్సు ఎల్లుండి పొద్దునదాకా కాశీలో ఉంటుందంటగా పాపా? కాశీ అయితే తెలుగువాళ్ళుంటారు, ఎవరో ఒకరు రైలెక్కిస్తారు. కొండల్లోకి పోయాక ఒక్కతీ రాలేదమ్మా. ఆవిడకి భాష కూడా రాదు."

"అయ్యో, పాపం! రాయిస్తాలేవయ్యా. నువ్వేమన్నా తిన్నావా?" కమలాంబ లోపలికి వెళ్ళి నాలుగు మామిడిపళ్ళు తెచ్చి ఆయన తువ్వాల్లో వేసింది. "రేపు మహతి నందిగామ వస్తుందిగా, అమ్మాయికి చారన్నం పంపిస్తా. ఆసుపత్రి తిండి పెట్టకు."

కృష్ణయ్య కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అందరూ వెళ్ళాక కమలాంబ మోకాలికి నూనె రాసుకుంటూ, "ఆ బసవమ్మ సంగతి రాయకు," అంది.

మహతి తలెత్తింది.

"అలా చూడకే. కూతురికి పురుడొచ్చిందని చెవిన పడితే ఆవిడ పొయ్యి ముట్టుకోకూడదు. దిగి వచ్చేసిందా, అసలే వంట లేదు. మీ తాతయ్యకి షుగరు. ఒక్క పూట బయట తింటే కాళ్ళు వాచిపోతాయి. అందరూ ముసలాళ్ళే, ఏమైపోతారు? ఆవిడ పేరున 'ఇంట్లో అందరూ క్షేమం' అని రాసెయ్."

"అమ్మమ్మా, మరి అక్క..."

"ఆసుపత్రిలో డాక్టర్లు లేరూ? వాళ్ళమ్మ వచ్చి ఏం చేస్తుంది, సూదులు వేస్తుందా? వచ్చాక మనవణ్ణి ఎత్తుకుని ఆడించుకుంటుందిలే."

మహతికి అడగాల్సిన మాటలు చాలా ఉన్నాయి. పెన్ను తీసి, అమ్మమ్మ చెప్పిన ముక్క చీటీ అడుగున రాసింది.

*

ఇన్‌స్టిట్యూట్‌లో ఫ్యాను తిరుగుతున్నా కీబోర్డు మీద చెమట చుక్కలు పడుతున్నాయి. మహతి ఒక్కొక్క చీటీ చూసి కొట్టుకుంటూ పోయింది. ఎవరి మనవడికో అన్నప్రాశన ముహూర్తం. ఎవరి గేదెకో దూడ. ఆండాళమ్మ జాడీ. చివరికి బసవమ్మ పేరు వచ్చింది. వేళ్ళు ఆగుతాయనుకుంది. ఆగలేదు. 'ఇంట్లో అందరూ క్షేమం' అని మిగతావాటంత తేలిగ్గానే పడింది. ఫ్లాపీ బయటికి తీసి, ఎండ తగలకుండా చేతిరుమాల్లో చుట్టి సంచిలో పెట్టుకుంది.

కేరేజీ పట్టుకుని ఆసుపత్రికి వెళితే, కాన్పుల వార్డు గుమ్మంలో ఆయా లూర్దమ్మ చీపురు అడ్డం పెట్టింది.

"ఎవరికి పిల్లా? చెప్పులు బయటిడిచి రా. ఇప్పుడే తుడిచా, నీ కాళ్ళ గుర్తులు తుడవడానికి నాకు ఇంకో నడుం లేదు."

కృష్ణప్రియ కిటికీ పక్క మంచం మీద ఒత్తిగిలి పడుకుని ఉంది. పాదాలు వాచి, పట్టీలు తీసేసిన చోట గాడి పడి ఉంది. మహతిని చూడగానే లేవబోయింది.

"మెసేజీ వెళ్ళిందా మహతీ?"

ఫ్లాపీ సంచిలోనే ఉంది. మహతి తలూపింది.

"ఎంతసేపట్లో చేరుతుంది?"

"వెంటనేనక్కా."

"వెంటనేనా!" కృష్ణప్రియ మొహం విప్పారింది. "ఉత్తరమైతే వారం పట్టేది. ఈపాటికి తెలిసిపోయుంటుందైతే." చారన్నం రెండు ముద్దలు తిని, చాలంది. "ఆయన విజయవాడ నించి సాయంత్రం వస్తారు. మా అత్తగారూ వస్తానన్నారు. ఎందరున్నా, రాత్రి నొప్పి తిరిగినప్పుడు అమ్మ చెయ్యే గుర్తొస్తుంది. మా అమ్మ చెయ్యెప్పుడూ చింతపండు వాసనేస్తుంది తెలుసా? చిన్నప్పుడు నాకు అసహ్యం. ఇప్పుడు ఆ వాసన వస్తే చాలనిపిస్తోంది." నవ్వబోయి, పెదవి కొరుక్కుని మంచం పట్టె పట్టుకుంది. నొప్పి తగ్గేదాకా మహతి ఆమె వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. వీపు కాలిపోతోంది.

పేట బస్సులో మహతికి సీటు దొరికింది. అంత దూరం సంచిని ఒళ్ళో పెట్టుకుని బిగించి పట్టుకుంది.

నెట్ సెంటరులో అనిల్‌కుమార్ ఫ్లాపీ అందుకుని ముందు వైరస్ ఉందేమో చూశాడు. "కానివ్వమ్మా, రెడీ. నీ సంగతి తెలుసుగా, మెయిల్ అవగానే చెప్పు. లైను కట్ చేసేస్తా." మోడెం కీచుమని, గరగరలాడి, కాసేపటికి సద్దుమణిగింది. మహతి కబుర్లన్నీ మెయిల్‌లోకి తెచ్చింది. ఇక పంపు అన్నచోట నొక్కడమే. బాణం గుర్తు అక్కడిదాకా వెళ్ళి ఆగింది.

వెనక్కి తెచ్చింది. బసవమ్మ పేరు దగ్గర ఉన్న ముక్క ఒక్కొక్క అక్షరమే చెరిపింది. ఆ ఖాళీలో కొట్టింది: 'కృష్ణప్రియక్కకి నొప్పులు వచ్చాయి. నందిగామ పెద్దాసుపత్రిలో ఉంది. ఒంట్లో బాగాలేదు. మీ కోసం ఏడుస్తోంది. కాశీలోనే రైలెక్కి వచ్చెయ్యండి.'

"ఏంటమ్మా, ఇక్కడ టైపు చేస్తున్నావ్? లైను తిరుగుతోంది!" అన్నాడు అనిల్‌కుమార్.

"అయిపోయిందన్నా," అంది మహతి. నొక్కేసింది.

ఇంటి దారి పట్టింది. అమ్మమ్మకి తెలిస్తే ఏమంటుందోనన్న భయం ఒక పక్క. ఇంకో పక్క, ఎప్పుడూ లేని తేలికదనం. తాతయ్య చూస్తాడు. అది చాలు. చిన్నప్పుడు తన కాలికి ముల్లు గుచ్చుకుంటే భుజాల మీద ఎక్కించుకుని మిర్చి యార్డు అంతా తిప్పిన మనిషి ఆయన. బసవమ్మని ఆయనే దగ్గరుండి రైలెక్కిస్తాడు.

*

జవాబు మర్నాడు మధ్యాహ్నానికి వచ్చింది. అనిల్‌కుమార్ ప్రింటు తీసి ఇచ్చిన కాగితాన్ని మహతి దారిలో చదవలేదు. తాతయ్య తిడతాడేమోనని కాదు. బసవమ్మ ఏ రైలెక్కిందో అందరి ముందూ, కృష్ణయ్య ముందూ, గట్టిగా చదవాలనుకుంది.

వసారా నిండింది. ఆ కాగితం మీది ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదవగలిగింది అక్కడ మహతి ఒక్కతే. స్తంభం పక్కన కృష్ణయ్య నిలబడే ఉన్నాడు.

"ఆండాళమ్మకి," అని మొదలుపెట్టింది. "జాడీ బియ్యం డ్రమ్ము వెనకాల ఉంది. దాన్ని పగలగొడితే నేను ఇటునించిటే సన్యాసుల్లో కలిసిపోతాను."

"పగలగొడితే పోతుందా! ముందే చెప్పలేదేం?" అంది ఆండాళమ్మ. మళ్ళీ నవ్వులు. మహతి కబురు తర్వాత కబురు చదువుకుంటూ పోయింది. బసవమ్మ పేరు కనిపించింది. చూపు మాటల కన్నా ముందు పరిగెత్తింది. మళ్ళీ ఆ పేరు దగ్గరికే వచ్చింది.

"చదువు పాపా," అన్నాడు కృష్ణయ్య.

"బసవమ్మ చెప్పింది. ఇంట్లో అందరూ క్షేమం అని విన్నాను. సంతోషం. అమ్మాయిని ఎండలో తిరగనివ్వద్దు. తొమ్మిదో నెల పడేలోగా వచ్చేస్తాను."

వసారాలో ఎవరో, "పాపం, తొమ్మిదో నెలట," అని ఊరుకున్నారు. కృష్ణయ్య అర్థం కానట్టు చూశాడు.

"రైలు సంగతేం లేదా?"

"లేదు బాబాయ్."

"మనం పంపిన కబురు అందలేదంటావా?"

మహతి నోరు తెరిచింది. కమలాంబ అందుకుంది. "అంది ఉంటుందిలే కృష్ణయ్యా. అంతమందికి వండాలిగా, మధ్యలో వదిలేసి ఎలా వస్తుంది? ఆవిడ మాత్రం ఏం చేస్తుంది?"

"అదీ నిజమేలెండి," అన్నాడు కృష్ణయ్య. తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "సంతోషం అన్నదని చెబుతా అమ్మాయికి." చెప్పులు వేసుకుని నందిగామ బస్సుకి వెళ్ళిపోయాడు.

కాగితం అడుగున ఇంకో నాలుగు వరసలున్నాయి. మహతి వాటిని పైకి చదవలేదు.

'చిట్టితల్లీ, నువ్వు రాసింది చదివే ముందే ఆత్రేయ నాకు చూపించాడు. మంచిదయింది. మైకులో మామూలుగానే, అందరూ క్షేమం అని చదవమన్నాను. వంటమనిషి వెళ్ళిపోతే ఇంతమంది యాత్ర ఆగిపోతుందమ్మా. నువ్వు చిన్నపిల్లవి, తెలియక రాశావు. మీ అమ్మమ్మకి నేను చెప్పనులే, నువ్వూ చెప్పకు. కాశీలో నీకు గాజులు కొన్నాను. ఎర్రవి, నీకిష్టమని. రేపు తెల్లవారుజామునే బయల్దేరుతున్నాం.'

"తాతయ్య ఇంకేం రాయలేదే?" అంది కమలాంబ, అందరూ వెళ్ళాక.

"గాజులు కొన్నారట."

"చూశావా, ఎక్కడికెళ్ళినా నువ్వే ధ్యాస."

మహతి పెరట్లోకి వెళ్ళి, బావి గట్టు మీద కూర్చుంది. తాతయ్య తిట్టి ఉంటే బాగుండేది. ఆయన ప్రేమగానే రాశాడు. అమ్మమ్మా ప్రేమగానే చారన్నం కలిపి పంపింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో ఆ పిల్లకి అర్థం కాలేదు. మెయిల్ ముందు రోజుది; ఆ ఉదయమే బస్సు కాశీ దాటిపోయింది.

*

మర్నాడు క్లాసుకి వెళ్ళలేదు. నందిగామలో బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి నడిచింది. వార్డు బయట వరండాలో కృష్ణయ్య గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన అల్లుడు, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. మహతి చేతిలో కేరేజీ చూసి కృష్ణయ్య అడ్డంగా తలూపాడు.

"తెల్లారకట్ల అయిందమ్మా. మగపిల్లాడు. ఏడవలేదు."

లోపలి నుంచి లూర్దమ్మ వచ్చింది. "ఇంకా ఇక్కడే ఉన్నావా పెద్దాయనా? మల్లెపూలు తెమ్మన్నానా లేదా? పాలు పొంగుతున్నాయి ఆ పిల్లకి. తాగేవాళ్ళు లేనప్పుడు గడ్డ కట్టి జ్వరం వస్తుంది. పూలు కట్టుకడితే పాలు ఇగిరిపోతాయి. పో, సెంటర్లో దొరుకుతాయి."

కృష్ణయ్య లేచాడు. అల్లుడూ వెనకే లేచి వెళ్ళాడు.

కృష్ణప్రియ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. మంచం పక్కన ఖాళీ ఊయల స్టాండు ఇంకా ఎవరూ తీయలేదు. రవిక ముందు భాగం తడిసి రెండు మచ్చలయింది. మహతి స్టూలు మీద కూర్చుంది. దుప్పటి అంచు సర్దింది.

కృష్ణయ్య తడిగుడ్డలో పూలు తెచ్చాడు. మూరల లెక్కన కట్టిన దండలు. విడిపూలు అడగాలని ఆయనకి తట్టలేదు. "దండలెందుకయ్యా, పెళ్ళికా?" అనబోయి లూర్దమ్మే నాలుక కరుచుకుంది. "ఇటియ్యి. నువ్వు బయట ఉండు. పాపా, దారం తెంపి పూలు దులుపు. నేను గుడ్డ చింపుకొస్తా."

మహతి దండ ఒళ్ళో పెట్టుకుని ముడి విప్పసాగింది.

"అమ్మ సంతోషం అందిట కదా," అంది కృష్ణప్రియ, గోడ వైపు నుంచే.

మహతి వేళ్ళు ఆగాయి.

"నాన్న చెప్పాడు. రాత్రంతా అదే అనుకున్నా. ఇంత నొప్పి పడుతున్నానని తెలిసి కూడా సంతోషం అంది మా అమ్మ. వాళ్ళకి వండాలి, నిజమే. కాదన్నానా? ఒక్క మాట... భయపడకు అని ఒక్క మాట చెప్పొచ్చుగా." గొంతులో ఏడుపు లేదు. "తెల్లారకట్ల వాడు బయటికొచ్చాక నర్సు ఏం మాట్లాడలేదు. అప్పుడు కూడా నాకు అమ్మ మీదే కోపమొచ్చింది. పిల్లాడి కోసం ఏడవాలా వద్దా? అమ్మ మీద కోపమొచ్చింది."

గుమ్మం దగ్గర కృష్ణయ్య నీడ కదిలింది. వార్డులో పది మంచాలున్నాయి, పది మంచాల చుట్టూ మనుషులున్నారు. అంతమంది వినేలా మహతి ఎన్నడూ మాట్లాడి ఎరగదు.

"ఆవిడకి తెలీదక్కా," అంది. గొంతు పెద్దదిగా వచ్చింది. "మా అమ్మమ్మ రాయొద్దంది. మొన్న నువ్వు అడిగినప్పుడు వెళ్ళిందని తలూపాను, అబద్ధం. అప్పటికది నా సంచిలోనే ఉంది. తర్వాత నేనే రాసి పంపాను, రైలెక్కమని. మా తాతయ్య చదవనివ్వలేదు. అందరూ క్షేమం అని చదివించాడు. ఆవిడ సంతోషం అంది దానికి. నీకు బాగాలేదని ఆవిడకి తెలీదు."

కృష్ణప్రియ మెల్లగా ఇటు తిరిగింది. తిట్టబోతోందనుకుని మహతి భుజాలు ముడుచుకుంది. కృష్ణప్రియ ఆ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"తెలీదా?"

"తెలీదక్కా."

"ఒట్టు?"

"ఒట్టు."

"తెలిస్తే వచ్చేది."

"పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలేసి వచ్చేది."

కృష్ణప్రియ పెద్ద ఊపిరి తీసుకుంది, ఆ ఊపిరి మధ్యలోనే ఏడుపుగా మారింది. మహతి మణికట్టు పట్టుకుని, మొహం ఆ చేతికి ఆనించి ఏడ్చింది. అమ్మ అనీ, నా తండ్రీ అనీ, కలగలిపి ఏడ్చింది. గుడ్డ పట్టుకుని వచ్చిన లూర్దమ్మ గుమ్మంలోనే ఆగింది. "ఏడవనీ. పొద్దుట్నించి చూస్తున్నా, కంట్లో నీళ్ళే లేవు ఈ పిల్లకి," అంది పక్క మంచం ఆవిడతో.

బయట కృష్ణయ్య అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. లోపలికి రాలేదు. వరండా మెట్లు దిగి, ఎండలోనే వేప చెట్టు దాకా నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు.

ఏడుపు సన్నగిల్లాక కృష్ణప్రియ, "ఇప్పుడు ఎక్కడుంటారు వాళ్ళు?" అని అడిగింది.

"హరిద్వారం దారిలో."

"వండుతూ ఉంటుంది."

మహతి మళ్ళీ ముడి విప్పడం మొదలుపెట్టింది.

లూర్దమ్మ తెర లాగి, రవిక ముడి విప్పించింది. మహతి దులిపిన పూలు గుప్పెడు గుప్పెడుగా తీసుకుని, గుడ్డలో పరిచి, రొమ్ముల మీద పెట్టి వీపు చుట్టూ బిగించి కట్టింది. కృష్ణప్రియ కళ్ళు మూసుకుని పళ్ళు బిగబట్టింది. తెల్లటి మొగ్గలు చూస్తుండగానే తడిశాయి. "ఇది వాడిపోయాక మార్చాలి. ఇంకో కట్టుకి పూలు విప్పి ఉంచు," అంది లూర్దమ్మ.

మహతి రెండో దండ ఒళ్ళోకి తీసుకుంది. సాయంత్రానికి వార్డంతా మల్లెపూల వాసన నిండింది. కొత్తగా చేరిన మనిషికి తోడొచ్చిన ఒక ముసలావిడ గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, "అబ్బ, ఎంత బాగుందో! ఎవరమ్మా పూలు పెట్టుకుంది?" అని నవ్వుతూ లోపలికి చూసింది. మహతి ముడి మీద నుంచి తల ఎత్తకుండా, పూలు విప్పుతూనే ఉంది.